వెబ్ అనువర్తనములందు చిత్రసంబంధ నిరూపణము: తాళపత్ర ఛాయాచిత్రముల దృష్ట్యా ఒక పరిశీలనము

1. విషయప్రవేశము

తాళపత్ర గ్రంథములకు ఛాయాచిత్రములు తీసి, వానిని వెబ్ మూలమున పాఠకులకు అందించు ప్రయత్నములు నేడు విశ్వవిద్యాలయములందును, ప్రాచ్యలిఖిత భాండాగారములందును సాగుచున్నవి. ఈ కార్యమును సాధారణముగా రెండు తెగలవారు పంచుకొనుచుందురు. పత్రములను చదివి వివరములు వ్రాయువారు భాషాశాఖలవారు. ఆ వివరములను, చిత్రములను స్వీకరించి భద్రపరచి చూపు అనువర్తనమును నిర్మించువారు కంప్యూటరు నిపుణులు. ఏ చిత్రము దేనికి చెందును, ఏ విధముగా చెందును అను ప్రశ్న మాత్రము ఈ ఇరు తెగల నడుమ ఎవరిదియు కాక మిగిలిపోవుట కలదు.

ఈ ప్రశ్న అల్పమైనది కాదు. ఒక పరిష్కర్త పాఠాంతరమును స్వీకరించి, దానికి ఆధారముగా ఫలానా పత్రముయొక్క చిత్రమును అధోజ్ఞాపికలో చూపెననుకొందము. ఆ చిత్రము కొంతకాలమునకు తొలగిపోయినను, దాని స్థానమున వేరొక పత్రము చిత్రము వచ్చి చేరినను ఆ పాఠమునకు సాక్ష్యము నశించినట్లే. తాటాకు శిథిలమైన పిదప చిత్రమే ప్రమాణముగా నిలువవలసి యున్నది. కావున చిత్రమునకును పత్రమునకును గల సంబంధమును యంత్రమునకు ఎట్లు తెలుపవలెనో భాషాశాఖలవారును ఎరిగియుండుట అవసరమని మా అభిప్రాయము.

వెబ్ అనువర్తనములను నిర్మించుటకు ముందుగానే సిద్ధపరుపబడిన పనిముట్ల కూర్పును ఫ్రేమ్‌వర్క్ అందురు. అట్టివి పెక్కు కలవు. ఈ వ్యాసమున మేము 2004లో డేవిడ్ హైనమెయర్ హాన్సన్ వెలువరించిన రూబీ ఆన్ రైల్స్ అను ఫ్రేమ్‌వర్కునే ప్రధానముగా గైకొనుచున్నాము. చిత్రసంబంధ విషయమున దాని పరిణామము స్పష్టముగా కానవచ్చుటయే ఇందులకు కారణము.

2. షష్ఠ్యర్థము

"కవి చిత్రము" అను సమాసమును పరికింతము. కవియొక్క చిత్రము అని దీనికి విగ్రహము. అయితే ఈ షష్ఠికి అర్థమేమి? కవి రూపమును చూపు చిత్రము కావచ్చును. కవి గీసిన చిత్రము కావచ్చును. కవి సొత్తైన చిత్రము కావచ్చును. పాణినీయమున కారకములుగా చెప్పబడనట్టి శేషసంబంధములకు షష్ఠి విహితమైనది. మన సంప్రదాయ వ్యాకరణములు కి, కు, యొక్క, లో, లోపల అను వానిని ఒక్క షష్ఠీవిభక్తి క్రిందనే పరిగణించినవి. దీనినిబట్టి షష్ఠి సంబంధము కలదని మాత్రమే చెప్పుననియు, అది ఎట్టి సంబంధమో సందర్భమే నిర్ణయింపవలెననియు తెలియుచున్నది.

మానవుడైన పాఠకునకు సందర్భము సహాయపడును. యంత్రమునకు అట్టి సహాయము లేదు. "ఈ చిత్రము ఈ గ్రంథమునది" అని మాత్రమే యంత్రమునకు చెప్పి ఊరకుండినచో అది గ్రంథపు ముఖపత్రమో, పదునేడవ కమ్మ వెనుకప్రక్కయో, లేఖకుని గద్య గల కడపటి పత్రమో దానికి తెలియదు. షష్ఠిలో ఇమిడియున్న అర్థమును విప్పి, వేరువేరు పేర్లతో, వేరువేరు పట్టికలలో నిలుపుటనే మేమిట సంబంధ నిరూపణమని వ్యవహరించుచున్నాము.

3. పట్టికలు, గుర్తుసంఖ్యలు

విషయములను పట్టికలుగా నేర్పరచి, వాని నడుమ సంబంధములను విలువల మూలముననే తెలుపు పద్ధతిని 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించెను. వస్తువులను, వాని సంబంధములను వేరుగా గుర్తించి చిత్రించు విధానమును 1976లో పీటర్ చెన్ ప్రకటించెను. రైల్స్ ఈ పునాదిపైననే నిలిచియున్నది. అందు ఒక్కొక్క పట్టికకు ఒక్కొక్క మోడల్ ఉండును. పట్టికలోని ఒక అడ్డువరుస ఆ మోడలునకు చెందిన ఒక వస్తువు. ప్రతి వరుసకు మరల మారని ఒక గుర్తుసంఖ్య ఉండును.

కట్టకును పత్రములకును గల సంబంధమును ఉదాహరణముగా గైకొందము. "కట్టకు పత్రములు కలవు", "పత్రము కట్టకు చెందును" అను రెండు వాక్యములు ఒకే విషయమును రెండు దిక్కులనుండి చెప్పుచున్నవి. రైల్స్‌లో మొదటిదానికి హాజ్ మెనీ అనియు, రెండవదానికి బిలాంగ్స్ టు అనియు పేరు. వాక్యములు రెండైనను గుర్తుసంఖ్య వ్రాయబడు చోటు ఒక్కటే. పత్రముల పట్టికలో ప్రతి పత్రము వరుసయందును దాని కట్ట గుర్తుసంఖ్య వ్రాయబడును. ఇట్లు ఒక పట్టికలో వ్రాయబడిన వేరొక పట్టిక గుర్తుసంఖ్యను ఫారిన్ కీ అందురు. పత్రమునకు కట్ట ఒక్కటే కావున ఆ సంఖ్య ఒక గడిలో ఇముడును. కట్టకు పత్రములు పెక్కు కావున వాని సంఖ్యలు ఒక గడిలో ఇమడవు. ఏది చెందునో దానియందే గుర్తుండుననునది ఇందలి నియమము.

రెండు ప్రక్కలను బహుత్వమున్నచో ఈ నియమము చాలదు. ఒక గ్రంథము పెక్కు పత్రములపై ఉండును. ఒక పత్రముపై రెండు గ్రంథముల భాగములు ఉండవచ్చును. అప్పుడు ఇరువురి గుర్తుసంఖ్యలను ధరించు మూడవ పట్టిక కావలెను. ఈ మూడవ పట్టిక కేవలము సాధనము కాదనియు, పెక్కు సందర్భములలో అదియే అసలు విషయమనియు మున్ముందు తేటపడగలదు.

4. రైల్స్‌లో చిత్రసంబంధ పరిణామము

చిత్రపు ఫైలు సాధారణముగా పట్టికలో ఉండదు. అది డిస్కుపైనను, దూరపు నిల్వకేంద్రమునను ఉండును. పట్టికలో ఉండునది దాని జాడ మాత్రమే. ఆ జాడను ఎచ్చట వ్రాయవలెనను విషయమున రైల్స్‌ను వాడువారు రెండు దశలను దాటిరి.

మొదటి దశయందు పేపర్‌క్లిప్ అను ఉపకరణము ప్రసిద్ధి చెందినది. ఇది చిత్రపు వివరములను వస్తువుయొక్క సొంత పట్టికలోనే వ్రాసెడిది. ఒక్కొక్క చిత్రమునకు ఫైలు పేరు, దాని రకము, పరిమాణము, మార్చిన కాలము అను నాలుగు నిలువువరుసలు చేరెడివి. క్యారియర్‌వేవ్ అను మరియొక ఉపకరణము ఫైలు పేరునకు ఒక్క నిలువువరుసతోనే సరిపెట్టుకొనును. ఈ పద్ధతులలో చిత్రము వస్తువునకు విశేషణము వంటిది; దానికి స్వతంత్రమైన ఉనికి లేదు. గ్రంథకర్తకు ఒక్క ముఖచిత్రమున్నచో ఇది చాలును. ఒకే చిత్రమును రెండు వస్తువులకు చెందించుట మాత్రము ఇందు సహజముగా కుదరదు.

రెండవ దశ 2018లో వెలువడిన రైల్స్ 5.2తో ఆరంభమైనది. యాక్టివ్ స్టోరేజ్ అను భాగము ఫ్రేమ్‌వర్కులోనే చేరినది. అదే సంవత్సరమున పేపర్‌క్లిప్ కర్తలు తమ ఉపకరణమును విరమించి, దీనినే వాడవలసినదని సూచించిరి. యాక్టివ్ స్టోరేజ్‌లోని ముఖ్యవిశేషము వస్తువును, చిత్రమును, సంబంధమును మూడుగా విడదీయుట. బ్లాబ్ అను పట్టిక చిత్రమును గూర్చి మాత్రమే చెప్పును: ఫైలు పేరు, రకము, బైట్ల పరిమాణము, 28 అక్షరముల యాదృచ్ఛిక నామము, ఫైలు చెడలేదని సరిచూచుటకు చెక్‌సమ్ అను ముద్ర. అటాచ్‌మెంట్ అను పట్టిక సంబంధమును గూర్చి మాత్రమే చెప్పును: ఏ బ్లాబు, ఏ మోడలు, ఆ మోడలులో ఎన్నవ సంఖ్యగల వస్తువు, ఏ పేరుగల సంబంధము.

ఇందు కడపటిదగు పేరు మిక్కిలి గమనింపదగినది. ఒకే కవి వరుసకు "రూపచిత్రము" అను పేరుతో ఒక చిత్రమును, "హస్తలేఖ" అను పేరుతో మరియొక చిత్రమును చెందింపవచ్చును. షష్ఠిలో అస్పష్టముగానున్న సంబంధభేదమునకు ఇచ్చట ఒక నిలువువరుస ఏర్పడినది.

2020లో వచ్చిన 6.1 వెర్షనులో మరియొక పట్టిక చేరినది. ఒక మూలచిత్రమునుండి కుదించియో, కత్తిరించియో తయారుచేసిన రూపములను వేరియంట్లు అందురు. ఏ రూపము ఏ మూలమునుండి ఏ మార్పులచేత పుట్టినదో ఈ పట్టిక జ్ఞాపకముంచుకొనును. మాతృకకును దానినుండి పుట్టిన ప్రతులకును గల సంబంధమును నిర్ణయించు పరిష్కర్తలకు ఈ ఏర్పాటు సుబోధము.

5. బహురూప సంబంధము: గుణదోషములు

అటాచ్‌మెంట్ పట్టిక ఏ మోడలునకైనను అతుకగలదు. కవికి, గ్రంథమునకు, పత్రమునకు వేరువేరు చిత్రపట్టికలు అక్కరలేదు. మోడలు పేరును, వస్తుసంఖ్యను జంటగా వ్రాసికొనుటవలన ఇది సాధ్యమగుచున్నది. దీనినే పాలీమార్ఫిక్, అనగా బహురూప సంబంధమందురు. కొత్త మోడలు ఏర్పడినప్పుడెల్ల కొత్త పట్టిక నిర్మింపనక్కరలేకపోవుట దీని గుణము.

దోషములు రెండు. మొదటిది, ఫారిన్ కీ అనునది ఏదో ఒక నిర్ణీతమైన పట్టికనే చూపవలెను. ఇచ్చట చూపబడు పట్టిక వరుసవరుసకు మారుచుండును. అందువలన వస్తువు ప్రక్కన సంబంధము చెడకుండ డేటాబేసు స్వయముగా కాపాడజాలదు. ఫ్రేమ్‌వర్కును దాటి, డేటాబేసులోనే నేరుగా కొన్ని వరుసలను చెరిపినచో వాని అటాచ్‌మెంట్లు అనాథలై మిగులును. రెండవది, మోడలు పేరు అక్షరరూపమున వ్రాయబడియుండుట. "పత్రము" అను మోడలునకు పిమ్మట "కమ్మ" అని పేరు మార్చి, పట్టికలోని పాతపేర్లను మార్చకున్నచో, ఆ చిత్రములన్నియు డిస్కుపై భద్రముగానున్నను అనువర్తనమునకు కనబడవు. పేరు మారినంతనే వస్తువు మారదని మనకు తెలియును; యంత్రమునకు పేరే వస్తువు.

6. ఒక కట్ట నిదర్శనము

ఇంతవరకు చెప్పిన విషయములను ఒక ఊహాత్మకమైన కట్టకు అన్వయింతము. అందు 120 పత్రములు, అనగా 240 పార్శ్వములు కలవనుకొందము. అందు రెండు గ్రంథములున్నవి. మొదటి గ్రంథము 74వ పత్రము ముందుప్రక్క నాలుగవ పంక్తితో ముగిసినది. లేఖకుడు ఆకును వృథా చేయక అదే పార్శ్వమున అయిదవ పంక్తినుండి రెండవ గ్రంథమును ఆరంభించెను. అది 120వ పత్రము వెనుకప్రక్కతో ముగిసినది.

పూర్వపక్షము: గ్రంథమను మోడలునకు హాజ్ మెనీ అటాచ్డ్ అను ప్రకటనముచేత చిత్రములన్నిటిని నేరుగా తగిలించిన చాలును. ఒక్క పంక్తితో పని ముగియును.

దీనియందు మూడు అనుపపత్తులు కలవు. ఒకటి, 74వ పత్రము ముందుప్రక్క చిత్రము, అనగా 147వ చిత్రము, ఏ గ్రంథమునది? ఒకదానికే ఇచ్చినచో రెండవదానికి ఆదియో, మొదటిదానికి అంతమో లోపించును. రెండుమారులు అప్‌లోడ్ చేసినచో ఒకే చిత్రమునకు రెండు బ్లాబులు ఏర్పడును. రెంటి చెక్‌సమ్ ఒకటే యైనను, అవి ఒకే వస్తువని ఫ్రేమ్‌వర్క్ తానుగా గ్రహింపదు. రెండు, అటాచ్‌మెంట్ పట్టికలో క్రమసంఖ్యకు చోటు లేదు. ఫైలు పేర్లనుబట్టి అమర్చుదమన్నచో అక్షరక్రమమున 1 తరువాత 10, 100, 101 వచ్చి, 2 ఎంతో దూరమున పడును. మూడు, చిత్రము తీసిన దినము, వెలుతురు, తీసినవారి పేరు వ్రాయుటకు అచ్చట తావు లేదు.

సిద్ధాంతము: చిత్రము వాస్తవముగా దేనిని చూపుచున్నదో దానికే చెందవలెను. ఛాయాచిత్రము గ్రంథమును చూపదు. ఒకనాడు, ఒకానొక వెలుతురులో కనబడిన ఒక పత్రపార్శ్వమును చూపును. కావున కట్టకు పత్రములు, పత్రమునకు పార్శ్వములు, పార్శ్వమునకు చిత్రగ్రహణములు, ఒక్కొక్క చిత్రగ్రహణమునకు ఒక్క చిత్రము అని క్రమమేర్పరుపవలెను. చిత్రగ్రహణమను మోడలునందు హాజ్ వన్ అటాచ్డ్ అను ప్రకటనము ఉండును. దినము, వెలుతురు, వ్యక్తి అను వివరములు ఆ పట్టికలో చేరును. ఒకే పార్శ్వమునకు రెండు గ్రహణములుండుట అసంభవము కాదు. గంటముతో చెక్కిన అక్షరములకు మసి పూయకముందు తీసిన చిత్రమునకును, పూసిన పిదప తీసిన చిత్రమునకును పాఠనిర్ణయమున వేరువేరు విలువ కలదు. రెంటిని నిలుపవలసినదే.

పత్రముల పట్టికలో రెండు సంఖ్యలు ఉండవలెను: లేఖకుడు ఆకుపై వేసిన సంఖ్య ఒకటి, కట్టలో నేడు ఆ ఆకున్న స్థానము రెండవది. దారము తెగి ఆకులు తారుమారైన కట్టలలో ఇవి రెండును ఏకీభవింపవు. ఒకదానిని మరియొకదానితో సరిపెట్టి దిద్దినచో, ఆకులు ఎట్లు చెదరినవో తెలుపు ఆధారము మాసిపోవును.

ఇక గ్రంథమునకును పార్శ్వములకును గల సంబంధమునకై పాఠస్థానమను మూడవ పట్టిక కావలెను. ఏ గ్రంథము, ఏ పార్శ్వము, ఏ పంక్తినుండి ఏ పంక్తి వరకు, పాఠక్రమమున ఎన్నవది అను వివరములు ఇందుండును. మన కట్టయందు మొదటి గ్రంథమునకు 147 పాఠస్థానములు, రెండవదానికి 94. మొత్తము 241. పార్శ్వములు మాత్రము 240. ఈ అధికమైన ఒక్కటియే 74వ పత్రము ముందుప్రక్క ఉమ్మడి స్థానము. చిత్రము నకలు కాలేదు. సంబంధము మాత్రమే రెండయినది.

దీనినిబట్టి ఒక సామాన్య నియమమును చెప్పవచ్చును. సంబంధమునకు తనదైన గుణమేదైన ఉన్నచో, అనగా క్రమము గాని, అవధి గాని, కాలము గాని ఉన్నచో, ఆ సంబంధము స్వయముగా ఒక వస్తువు. దానికి సొంత పట్టికయు, పేరును ఇయ్యవలెను. ఇట్టి గుణము లేనిచోట ఫ్రేమ్‌వర్కు ఇచ్చు సిద్ధమైన తగిలింపే చాలును. కవి ముఖచిత్రమునకు ఇంత ప్రయాస అనవసరము.

7. తొలగింపును, మార్పును

సంబంధమును సరిగా నిరూపింపకపోవుటవలని నష్టము తొలగింపు వేళ బయటపడును. రైల్స్‌లో తగిలింపబడిన వస్తువును తొలగించినచో దాని అటాచ్‌మెంట్ తొలగును. పిదప వెనుకటి పనులలో బ్లాబును, ఫైలును కూడ తొలగించుట సహజనియమము. డ్జాంగో అను ఫ్రేమ్‌వర్కునందు ఇందులకు భిన్నముగా, 2011లో వెలువడిన 1.3 వెర్షనునుండి వరుసను తొలగించినను ఫైలు నిలిచియే యుండును. ఒకటి ఫైలును వస్తువుతో సహగమనము చేయించును. రెండవది ఒంటరిగా విడుచును. ఏది మేలనునది వస్తువునుబట్టి యుండును. సభ్యుడు తన ఖాతాను రద్దు చేసికొన్నప్పుడు ఆతని ముఖచిత్రము పోవుటే న్యాయము. వివరసూచికలోని గ్రంథనామము పొరపాటని ఒక వరుసను తొలగించినప్పుడు పత్రముల చిత్రములు పోవుట అనర్థము. పూర్వపక్షమున చెప్పిన ఏర్పాటులో జరుగునది ఇదియే. మేము చెప్పిన ఏర్పాటులో గ్రంథమును తొలగించినచో దాని పాఠస్థానములు మాత్రమే తొలగును. పార్శ్వములు, గ్రహణములు, చిత్రములు చెక్కుచెదరవు.

ఒకే బ్లాబు రెండు వస్తువులకు తగిలియున్నచో నేటి రైల్స్‌లో ఒక రక్షణము కలదు. అటాచ్‌మెంట్ పట్టికనుండి బ్లాబు పట్టికకు ఫారిన్ కీ ఉండుటవలన, ఒక వస్తువును తొలగించినను రెండవ సంబంధము నిలిచియున్నంతవరకు డేటాబేసు ఆ బ్లాబును చెరుపనీయదు. వస్తువు ప్రక్క లేని కాపుదల చిత్రము ప్రక్క కలదన్నమాట.

మార్పు విషయమున మరియొక జాగ్రత్త అవసరము. బహుచిత్ర సంబంధమునకు కొత్త చిత్రముల జాబితాను నేరుగా అప్పగించినప్పుడు, 5.2 వెర్షనులో అవి పాతవానికి చేరెడివి. 2019లో వచ్చిన 6.0 నుండి కొత్తవి పాతవాని స్థానమును ఆక్రమించుట సహజనియమమైనది. పాతవానిని ఉంచి కొత్తవానిని చేర్చవలెనన్నచో అటాచ్ అను క్రియను వాడవలెను. ఈ భేదమునెరుగని అనువర్తనమున, మరచిన ఒక్క పత్రము చిత్రమును చేర్చబోయి, ముందున్న చిత్రములన్నిటిని పోగొట్టుకొను ప్రమాదము కలదు. ఒక్కొక్క గ్రహణమునకు ఒక్క చిత్రమే యున్నచో ఈ ప్రమాదమునకు తావే లేదు.

అప్‌లోడ్ క్రమమును గూర్చియు ఒక మాట. పెద్ద చిత్రములను పత్రకము సమర్పింపకముందే నేరుగా నిల్వకేంద్రమునకు పంపు పద్ధతి యున్నది. అప్పుడు బ్లాబు ముందు పుట్టును, సంబంధము తరువాత ఏర్పడును. నడుమ కార్యకర్త పని విరమించినచో దేనికిని చెందని బ్లాబు మిగిలిపోవును. ఇట్టివానిని రైల్స్ వెదకి చూపగలదు. ఐనను వానిని చెరిపివేయుటకు ముందు ఎవరైన చూచుట మేలు; అది అసంపూర్తిగా నిలిచిన ఒక పత్రము వివరముయొక్క చిత్రము కావచ్చును.

8. ఉపసంహారము

ఇంతవరకు చేసిన పరిశీలనమునుండి తేలిన విషయములు ఇవి. చిత్రము, వస్తువు, సంబంధము అనునవి మూడు వేరువేరు. చిత్రము తాను చూపుదానికే చెందవలెను గాని, దానినుండి మనము ఊహించుదానికి కాదు. గుణముగల సంబంధమునకు సొంత పట్టిక యుండవలెను. తొలగింపులో ఏది దేనితో పోవలెనో ముందుగానే నిర్ణయింపవలెను.

వీనిలో ఏదియు కంప్యూటరు నిపుణుడు తనంత తానుగా తెలిసికొనగల విషయము కాదు. 74వ ఆకుపై రెండు గ్రంథములు కలియునని ఆతడెరుగడు. ఆకుపై వేసిన సంఖ్యయు, కట్టలోని స్థానమును వేరని ఆతనికెవరును చెప్పియుండరు. తాళపత్రములపై పనిచేయు పరిశోధక విద్యార్థులు చిత్రములు తీయుటకు పూర్వమే ఒక కాగితముపై ఈ పట్టికలను గీసి, తమ కట్టలలోని మిక్కిలి చిక్కైన ఒక కట్టను వానిలో అమర్చి చూడవలెను. ఆ కట్ట ఇమిడినచో మిగిలినవియు ఇముడును. ఇమడనిచో పట్టికను మార్చుటకు అది తగిన సమయము. వేలకొలది చిత్రములు చేరిన పిదప మార్చుట దుష్కరము. తాటాకుల నడుమ దారమును గ్రుచ్చినవాడు ఆకుల వరుసనెరిగినవాడే. చిత్రముల వరుసకును ఆ ఎరుక గలవాడే దారము పట్టవలసియున్నది.